హాట్ టబ్ మొరాయిస్తే ముందు ఫిల్టరు చూడు

చి.సౌ. చిన్నికి మామయ్య దీవెనలు.

మిషిగన్‌లో కొన్న ఇంటితో పాటు పెరట్లో హాట్ టబ్ కూడా వచ్చిందనీ, నాలుగు రోజులు నడిచి తెరమీద ‘ఎఫ్ఎల్ఓ’ అని చూపించి ఆగిపోయిందనీ రాశావు. అల్లుడుగారు కొత్త పంపు వేయిద్దామంటున్నారన్నావు. పంపు ఖర్చు చిన్నదేం కాదు. ముందు ఫిల్టరు బయటికి తీసి చూడండి.

హీటరు గుండా నీళ్ళు సరిగ్గా పారడం లేదని ఆ అక్షరాల అర్థం. నీళ్ళు పారకుండా హీటరు వేడెక్కితే మాడిపోతుంది కనుక యంత్రం తనే ఆపేస్తుంది. కరెంటు ఆపి, ఫిల్టరు తీసి, టబ్బులో ఎవరూ లేకుండా కొద్ది నిమిషాలు నడిపి చూడు. తప్పు కనబడకపోతే అడ్డం ఫిల్టరే. దాని మడతలు వేళ్ళతో విడదీస్తే లోపల బూడిదరంగు జిడ్డు, వెంట్రుకలు పేరుకుని ఉంటాయి. గొట్టం పెట్టి పైనుంచి కిందికి ఒక్కో మడతా కడుగు. ప్రెషర్ వాషర్ మాత్రం వద్దు, బట్ట చిరుగుతుంది. జిడ్డు ఉత్త నీళ్ళకి వదలదు. ఫిల్టర్ క్లీనరు కలిపిన బకెట్లో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే నురగ పోయేదాకా కడుగు. రెండు వారాలకోసారి కడగడం, నెలకోసారి నానబెట్టడం అలవాటు చేసుకో. ఏడాది తిరిగేసరికి కొత్తది వేసుకోవడం మంచిది.

ఫిల్టరు తీసినా అదే తప్పు వస్తే నీళ్ళ మట్టం చూడు. నీళ్ళు మార్చిన వెంటనే వచ్చిందా, అయితే పంపులో గాలి చిక్కుకుని ఉంటుంది. పంపు మోగుతుంది గానీ జెట్లలో నీళ్ళు రావు. కరెంటు ఆపి, పంపు దగ్గరి యూనియన్ నట్టు చేత్తోనే కాస్త వదులు చెయ్యి. బుస్సుమని గాలి పోతుంది. నీళ్ళు కారడం మొదలవగానే బిగించెయ్యి. ఈసారి నీళ్ళు నింపేటప్పుడు గొట్టం ఫిల్టరు గూట్లోనే పెట్టు, ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

నురగ గురించి అడిగావు. మా అక్క తలకి కొబ్బరినూనె పెట్టుకునే దిగుతోందని నాకు తెలుసు! నూనె, లోషను, ఈతబట్టల్లో మిగిలిన సబ్బు, అన్నీ నీళ్ళలోకే చేరతాయి. నురగ తగ్గించే మందు పూటకి పనిచేస్తుంది గానీ జిడ్డుని తీసెయ్యదు. దిగేముందు అందరూ షవరు కింద ఒళ్ళు కడుక్కోవాలి. పెద్దావిడని మొహమాటపడకుండా అక్కకి నువ్వే చెప్పు. ఆవిడ బీపీ సంగతి డాక్టరుని అడిగాకే దిగమను. 104 డిగ్రీల ఫారెన్‌హీట్ అన్నది పైహద్దు, అంత వేడి ఆవిడకి అక్కర్లేదు. 100 దగ్గర పెట్టి పది నిమిషాల్లో లేపెయ్యి. ఐదేళ్ళ లోపు పిల్లల్ని అసలు దింపొద్దు.

నీళ్ళు తేటగా కనబడినంత మాత్రాన మంచివనుకోకు. క్లోరిన్ తగ్గితే ఒంటిమీద దద్దుర్లు తెచ్చే సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఇంకా చెడ్డది లీజియోనెల్లా. 1976లో ఫిలడెల్ఫియాలో జరిగిన ఒక సభకి వెళ్ళినవాళ్ళలో వచ్చిన న్యుమోనియాతో బయటపడ్డ బ్యాక్టీరియా అది. గోరువెచ్చని నీళ్ళలో పెరిగి, జెట్లు లేపే తుంపరతో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే దిగే ప్రతిసారీ పరీక్ష పట్టీ ముంచి చూడు. క్లోరిన్ 3 పీపీఎంకి తగ్గకూడదు, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలి. ముందు ఆల్కలినిటీ, తర్వాత పీహెచ్ సరిచేసుకో. క్లోరిన్ వాసన ఘాటుగా కొడితే క్లోరిన్ ఎక్కువైందనుకుంటారు చాలామంది. అది చెమటతో కలిసిపోయి పని చేయని క్లోరిన్ వాసన. షాక్ మందు వేసి, మూత తెరిచి జెట్లు తిప్పాలి. రెండు రకాల క్లోరిన్ పొడుల్ని మాత్రం ఎన్నడూ ఒకదాంతో ఒకటి కలపకు, మంటలు లేస్తాయి. మూణ్ణాలుగు నెలలకోసారి నీళ్ళన్నీ తీసేసి కొత్తవి పట్టు.

ఇవన్నీ మీ చేతిలో పనులే. బ్రేకరు పడిపోతే మాత్రం కాదు. చాలాసార్లు హీటరు కాయిలే చెడిపోయి ఉంటుంది గానీ, అది తేల్చాల్సింది లైసెన్సున్న ఎలక్ట్రీషియన్. అక్కడ ఉన్నది 240 వోల్టులు, పక్కన నీళ్ళు. బ్రేకరు మళ్ళీ మళ్ళీ ఎత్తి చూడొద్దని అల్లుడుగారికి నా మాటగా చెప్పు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఎవరూ నీళ్ళలో చెయ్యి పెట్టకండి.

మీ ఊళ్ళో చలికాలం గట్టిది. కవరు ఎత్తి చూడు. మునుపటికంటే బరువెక్కితే లోపలి ఫోము నీళ్ళు పీల్చినట్టే, వేడి ఆగదు, మార్చెయ్యాలి. గడ్డకట్టే చలిలో కరెంటు పోతే కవరు తెరవకండి. రెండో రోజుకీ రాకపోతే పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి పగిలేలోపు టెక్నీషియన్‌ని పిలిచి పైపులతో సహా ఖాళీ చేయించండి.

శనివారం ఫిల్టరు తీసినప్పుడు దాని మీద ఉన్న నంబరు ఫొటో పంపు, ఒకటి అదనంగా కొనిపెట్టుకుందువుగాని. ఒకటి నానుతుంటే రెండోది వేసుకోవచ్చు.

ఆశీస్సులతో,
మామయ్య