రామేశ్వర ద్వీపమున ఒక దినపు కాలినడక

మన పాఠశాల విద్యార్థులలో రామేశ్వరము చూడనివారు అరుదు. అయినను అచ్చట ఏమి చూచితివని యడిగిన, గుడి, ఇరువదిరెండు తీర్థముల స్నానము, పొడవైన స్తంభముల వరుస అని చెప్పి యూరకుందురు. ఆ యూరు నలువైపుల సముద్రముగల ద్వీపమనియు, పడవల రేవనియు, ఆ నీటిలోను ఒడ్డునను లెక్కలేనన్ని ప్రాణులు గలవనియు వారికి తోచదు. తప్పు పిల్లలది కాదు. తెల్లవారి దిగి, సాయంకాలమే తిరుగు బండి యెక్కు యాత్రలో చూచుటకు తీరిక యెక్కడిది? కావున ఈసారి వెళ్లునపుడు ఒక దినము అదనముగా నుంచుకొని, దారి చూపువాని యవసరము లేకయే బిడ్డలతో నడువదగిన త్రోవను ఇందు వ్రాయుచున్నాము.

ఇది వ్రాయుటకు మఱియొక కారణము గలదు. కొన్నియేండ్ల క్రిందట మేమే పిల్లలను అచ్చటికి తీసికొనివెళ్లితిమి. తిరిగివచ్చిన మూడవనాడు తరగతిగదిలో భరింపరాని దుర్వాసన పుట్టెను. వెదకగా ఒక బాలుని సంచిలో గుప్పెడు శంఖములు దొరకినవి. ఖాళీవని యేరి తెచ్చిన వానిలో చిన్నపీతలు కాపురముండెను. ఆ జాతి పీతకు వెనుకభాగము మెత్తన. చచ్చిన నత్త విడిచిన శంఖములో దూరి, తాను పెరిగినకొలది పెద్ద శంఖమునకు మారుచుండును. సంగతి తెలిసి బాలుడు కంటనీరు పెట్టుకొనెను. వానికెవరు చెప్పిరి గనుక? చెప్పవలసిన మేము ఆనాడు భోజనపు పొట్లములు లెక్కపెట్టుకొనుచుంటిమి.

నడక సూర్యోదయమునకు అగ్నితీర్థమున మొదలుపెట్టవలయును. ఇది గుడికి తూర్పుననే గలదు. ఇచ్చటి నీరు చెరువువలె నిశ్చలముగా నుండుట చూచి, ఇది సముద్రమేనా యని పిల్లలడుగుదురు. ద్వీపమునకు ఉత్తరమున పాక్ అఖాతము, దక్షిణమున మన్నారు సింధుశాఖ. మొదటిది లోతు తక్కువైనది, సాధువైనది. రెండవది లోతైనది, అలలు గలది. అందుకే అచ్చటి జాలరులు ఉత్తరపు దానిని ఆడ సముద్రమనియు, దక్షిణపు దానిని మగ సముద్రమనియు అందురు.

అచ్చటినుండి ఒడ్డువెంట ఉత్తరముగా పోయిన పడవలరేవు వచ్చును. వాసనకు ముక్కు మూసికొనవద్దని పిల్లలకు ముందే చెప్పుడు. తలపై తిరుగుచుండు తెల్లనితల, ఇటుకరంగు రెక్కలుగల పక్షి గరుడపక్షి. పటములలో విష్ణువునకు వాహనముగా చూచినదానిని ఇచ్చట చేపముక్కకై కాకులతో పోట్లాడుచుండగా చూచి పిల్లలు నవ్వుదురు. నవ్వనిండు. గంపలలో చాటవలె వెడల్పై, కొరడావంటి తోకగల చేప కనబడును. దానిని తమిళమున తిరుక్కై అందురు. పేరు జాలరి నడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. తమిళము మన పిల్లలకు బాగుగనే వచ్చును. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు యంత్రపు పడవలకు వేటనిషేధము, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని. ఆ దినములలో వెళ్లినవారికి రేవు నిండ పడవలు కట్టియుండుట మాత్రమే కనబడును.

రేవు దాటి సంగుమాల్ మీదుగా ఓలైకుడా వైపు ఒడ్డున నడువుడు. ఇసుకపై పచ్చని నాడాలవలె కొట్టుకొనివచ్చిన దానిని చెత్తయని త్రొక్కిపోవుదుము. అది సముద్రపు గడ్డి. నాచువంటిది కాదు, దీనికి వేళ్లును, పువ్వులును గలవు. ఈ గడ్డిని మేసి బ్రదుకు పెద్దజంతువు ఒకటి ఈ నీటిలో నున్నది. దానిని సముద్రపు ఆవు అందురు గాని, బంధుత్వము ఏనుగుతో. మూడుమీటర్ల పొడవుండును, పిల్లకు పాలిచ్చును, ఊపిరికై కొన్ని నిమిషముల కొకమారు పైకి వచ్చును. ఏడాదికి పైగా మోసి ఒక్క పిల్లనే కనును. వలలో చిక్కిన, పైకి రాలేక ఊపిరాడక చచ్చును. ఇట్టి జంతువు తరిగిపోవుటకు ఎంతో కాలము పట్టదు. దీనికొఱకే 2022లో పాక్ అఖాతమున, తంజావూరు పుదుక్కోటై జిల్లాల తీరమున, 448 చదరపు కిలోమీటర్ల రక్షితప్రదేశము నేర్పరచిరి. మీకు అది కనబడునని మేము ఆశపెట్టుట లేదు. అది తిను గడ్డి మాత్రము తప్పక కనబడును.

ఎండ ముదిరిన పిమ్మట బస్సుపై ధనుష్కోటి దారి పట్టి, కోదండరామస్వామి ఆలయమువద్ద దిగుడు. చలికాలమైన, చుట్టునున్న ఉప్పునీటి మడుగులలో రాజహంసలుండవచ్చును. మన నెల్లూరు బంధువుల కివి పులికాటు సరస్సున పరిచితములే. తల తలక్రిందులుగా నీటిలో ముంచి, ముక్కుతో బురదనీటిని వడగట్టుకొని తినును. రెక్కల గులాబిరంగు అవి తిను సూక్ష్మజీవులనుండియే వచ్చును. 2025లో ఈ చోటును రాజహంసల అభయారణ్యముగా ప్రకటించిరి. దూరమునుండియే చూడవలెను. రాయి విసరి లేపి ఫొటో తీయు పెద్దలను చూచి పిల్లలు నేర్చుకొందురు.

ఆ దారి చివర నేల సన్నగిల్లి రెండు సముద్రములు ఇరువైపుల నిలుచును. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపానులో ధనుష్కోటి పట్టణము మునిగి, రైలుబండి సముద్రము పాలయ్యెను. కూలిన చర్చిగోడ నేటికిని గలదు. పిల్లలచేత గోడను తాకించి చూడుడు; అందలి రాతిలో పగడపు గుర్తులు కొన్ని కనబడును.

ఆ పగడపు సంగతి పాంబనున తెలియును. బస్సుపై వచ్చి, సాయంకాలము రోడ్డువంతెన ప్రక్క నడకదారిని నిలువుడు. ఒకప్రక్క 1914నాటి రైలువంతెన, దాని ప్రక్కనే 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైన క్రొత్తది. క్రొత్తదాని నడుమనున్న 72.5 మీటర్ల భాగము పడవలకు దారియిచ్చుటకు నిలువుగా పైకి లేచును. దక్షిణముగా చూచిన కురుసడై మొదలు తూత్తుకుడి వఱకు 21 దీవులు. 1986 నుండి ఇవి జాతీయ ఉద్యానవనము. వానిలో రెండు ఇప్పుడు నీటిక్రింద నున్నవి. సున్నమునకు, కట్టడములకు చుట్టునున్న పగడపు తిన్నెలను త్రవ్వుకొనిపోగా, అలల నాపు అడ్డు లేక దీవులే కరగిపోయినవి. కావున బజారున పగడపు కొమ్మలు, పెద్ద శంఖములు అమ్మవచ్చినపుడు కొనకుడు. పగడములు 2001 నుండి చట్టముచే రక్షితములు. సముద్రపు జలగ యని తమిళమున పిలువబడు మెత్తని ప్రాణియు నట్టిదే. ఇసుకను మ్రింగి, అందలి కుళ్లును తిని, శుభ్రమైన ఇసుకను విడుచును.

వెంట ఒక నోటుపుస్తకము నుంచుకొనుడు. చూచిన ప్రాణి, తమిళపు పేరు, తెలుగు పేరు అని మూడు గడులు గీయించుడు. మా బాలుర పట్టికను తరగతిగోడకు అంటించితిమి. అందు తిరుక్కై యెదుటను, సముద్రపు గడ్డి యెదుటను తెలుగు గడి ఖాళీగానే యున్నది. తీరపు పల్లెలలో పుట్టి పెరిగిన తాతలు, అవ్వలు ఇండ్ల నున్నయెడల, ఆ పేర్లెఱిగినవారు పాఠశాలకు వచ్చి స్వహస్తముతో వ్రాసిపోవలసినదిగా కోరుచున్నాము.