మర్పల్లి పెరట్లో లావెండర్

కంది, ఉల్లి పండించుకుంటూ డెబ్బై ఏళ్లు దాటిన చేతులు నావి. ఆరేళ్ల కింద మనవరాలు హైదరాబాద్ నర్సరీ నుంచి మూడు లావెండర్ మొక్కలు తెచ్చిచ్చింది. అవి నేర్పిన సంగతులివి.

1. ఈ మొక్కను చంపేది ఎండ కాదు, తడి. నల్లరేగడిలో నాటినవి రెండూ ఏప్రిల్ ఎండను ఓర్చుకున్నాయి, ఆగస్టు ముసురుకు పోయాయి. పీకి చూస్తే వేరు నల్లబడింది, వేళ్లతో నలిపితే తోలు ఊడి వచ్చింది. మూడోదాన్ని మట్టికుండీలో ఎర్రమట్టి, ఇసుక సగం సగం కలిపి పెట్టాను. వానాకాలమంతా చూరు కిందే ఉంచుతాను.

2. లావెండర్ పుట్టిల్లు మధ్యధరా సముద్రం చుట్టుపక్కల గుట్టలు. సున్నపురాతి నేలంటే దానికి ప్రాణం. మన తాండూరు బండా సున్నపురాయే కదా! ఇంట్లో బండలు పరిచినప్పుడు మిగిలిన ముక్కలు చితగ్గొట్టి, ఒక గుప్పెడు కుండీ మట్టిలో కలిపి, మిగతావి మొదలు చుట్టూ పరిచాను. చినుకులకు మట్టి ఎగిరి ఆకులకు అంటదు, మొదలు త్వరగా ఆరుతుంది.

3. పేరు ఒకటే అయినా రకాలు వేరు. నా దగ్గర బతికింది డెంటాటా. ఆకు అంచున రంపపు పళ్లుంటాయి, నలిపితే కర్పూరం వాసన. బట్టల పెట్టెలో వేసుకోవడానికి ఎంతో బాగుంటుంది, వంటకు మాత్రం వద్దు. వంటకు వాడేది అంగుస్టిఫోలియా. అది బాగా పూయాలంటే గట్టి చలి పడాలి. జమ్మూ కొండల్లోని భదర్వాలో మక్క వేసే రైతులు దాని సాగుకు మళ్లారు. 2022లో అక్కడ లావెండర్ పండుగ కూడా చేశారు.

4. పూత అయిపోగానే పచ్చి కొమ్మల వరకే కత్తిరించాలి. ముదిరిన కట్టెలో కోస్తే మళ్లీ చిగురు రావడం కష్టం.

5. వంటకు తెచ్చిన ఎండుపువ్వు పచ్చిదానికన్నా ఘాటు. అర లీటరు వేడి పాలకు అర చెంచా చాలు. పొయ్యి ఆపాకే వేసి, మూతపెట్టి, ఐదు నిమిషాల్లో వడకట్టాలి. మొదటిసారి నేను గుప్పెడు వేశాను. పాయసమంతా సబ్బు వాసన కొట్టింది, పిల్లలు ముట్టలేదు.

6. తులసి, పుదీనా, మరువం, వామాకు అన్నీ లావెండర్ కుటుంబంలోవే. మా పెరట్లో ఏళ్లుగా ఉన్న వామాకు విలువ నాకు ఈ కొత్త మొక్క వచ్చాకే తెలిసింది. ముసురు పట్టిన రోజున లావెండర్ కుండీని చూరు కింద ఇంకాస్త లోపలికి జరిపి, వామాకులు తెంపుకొస్తాను. శనగపిండిలో ముంచి బజ్జీలు వేస్తే, నూనెలో పడగానే ఆ వాసన వాకిలి దాకా వస్తుంది.