కంప్యూటర్ మారితే మాక్రో ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: రొయ్యల చెరువుల మేత లెక్కలు పెన్‌డ్రైవ్‌లో, చెరువుకో ఎక్సెల్ ఫైలుగా ఉన్నాయి. మాక్రో ఇంట్లో వాటిని తెరుస్తుంది; నెల్లూరు ఆఫీసులో 'ఫైలు దొరకలేదు' అంటోంది.
– ఒక రైతు, ముత్తుకూరు

జవాబు: మాక్రోలో దారి 'ఈ:' అని మొదలై ఉంటుంది, చూడండి. ఆ అక్షరం ఇచ్చేది విండోస్. ఇంట్లో 'ఈ' అయినది ఆఫీసులో 'ఎఫ్' కావచ్చు. డ్రైవు, ఫోల్డరు పేర్లు తీసేసి, ఇంగ్లిషులో ఇలా రాయండి: దిస్‌వర్క్‌బుక్.పాత్ & "\చెరువు1.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్". మాక్రో ఫైలు ఏ ఫోల్డరులో ఉందో ఎక్సెల్ అక్కడే వెతుకుతుంది. కాబట్టి చెరువుల ఫైళ్లన్నీ దాని పక్కనే ఉండాలి. కొటేషన్ లోపలి బ్యాక్‌స్లాష్ మాత్రం మరవకండి, ఎక్కువమంది తప్పేది అక్కడే. మార్చేముందు ఒక కాపీ తీసిపెట్టుకోండి, అవి పంట లెక్కలు.

ఆఫీసులో 'మాక్రోలు బ్లాక్ చేశాం' అని వస్తే మీరే సెక్యూరిటీ తీసేయకండి. అక్కడ కంప్యూటర్లు చూసేవారిని పిలవండి. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయమని విండోస్ అడిగితే ఒప్పుకోకుండా, వెంటనే డేటా రికవరీ తెలిసినవారికి చూపించండి.