హాస్టల్ పళ్లెంతో పీసీఓడీ బరువును తగ్గించుకోవడం ఎలా?

కోర్సు కోసం అమీర్‌పేట హాస్టల్లో దిగాక ఒళ్లు పెరిగి, నెలసరి తప్పుతుంటే చాలామంది ముందు రాత్రి భోజనం మానేస్తారు. పొద్దున్నే ఆ ఆకలి బండి దగ్గర రెండు ప్లేట్ల పూరీ తినిపిస్తుంది. పీసీఓడీ ఉన్న చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు కాబట్టి ఒళ్లు దాన్ని ఎక్కువగా తయారుచేస్తుంది. అది అండాశయాల్లో మగ హార్మోన్లను పెంచి, అండం విడుదలకు అడ్డుపడుతుంది. కొవ్వు నడుము చుట్టూ చేరుతుంది. వంటగది మీ చేతిలో లేకపోయినా పళ్లెం మీదే.

1. ముందు నిర్ధారణ. స్కాన్‌లో నీటిబుడగలు కనిపించినంత మాత్రాన పీసీఓడీ అనుకోకండి. థైరాయిడ్ లోపంలోనూ బరువు పెరిగి నెలసరి తప్పుతుంది. థైరాయిడ్, ప్రొలాక్టిన్, షుగర్ పరీక్షలు అవసరమేమో డాక్టరును అడగండి. పంజాగుట్ట నిమ్స్‌లో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది.

2. టేపు కొనండి. బొడ్డు మీదుగా కాదు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య కొలవండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దు. బరువులో 5–10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి గాడిన పడుతుంది. 70 కిలోలుంటే 3.5 నుంచి 7 కిలోలన్నమాట.

3. పళ్లెం సర్దండి. సగం కూరగాయలు, పండ్లతో నిండాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. మెస్‌లో కూర తక్కువైతే కీరా, క్యారెట్ కొనుక్కోండి. ముందు కూర, పప్పు, గుడ్డు తిని తర్వాత అన్నం కలుపుకోండి. మారు అన్నం బదులు మారు పప్పు వేయించుకోండి. టిఫిన్‌కు పూరీకన్నా పెసరట్టు మేలు. సాయంత్రం బజ్జీల బదులు ఉడికించిన శనగలు తినండి.

4. చాయ్ లెక్కపెట్టండి. రెండేసి చెంచాల చక్కెరతో నాలుగు చాయ్‌లంటే రోజుకు ఎనిమిది చెంచాలు! ముందు రెండు చాయ్‌లకు దిగండి, తర్వాత చక్కెర తగ్గించండి.

5. ఒక స్టేషన్ నడవండి. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట మెట్రోలో ఒక్కటే స్టేషన్. ఆ దూరం నడిచేయండి. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక ఉండాలి. రెండు రోజులు గుంజీలు, గోడకు ఆనుకుని పుషప్‌లు చేయండి. కండ పనిచేస్తే ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుంది.

6. మందు సొంతంగా వద్దు. రూమ్మేట్ చీటీతో మెట్‌ఫార్మిన్ కొనకండి. మూడు నెలలు నెలసరి రాకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి.

మొదటి నెల తూకం కదలకపోవచ్చు. టేపు కొలత, నెలసరి తేదీ నోట్‌బుక్‌లో పక్కపక్కన రాసుకోండి. మార్పు చాలాసార్లు అక్కడే ముందు కనిపిస్తుంది.