పొగ చెప్పెడి మాట

నిప్పు లేనిదే పొగ రాదని లోకోక్తి. తర్కశాస్త్రము చదువువారు కూడ కొండమీది పొగను చూచి అచ్చట నిప్పు కలదని నిశ్చయించుటనే అనుమాన ప్రమాణమునకు మొదటి ఉదాహరణముగా నేర్చుకొందురు. లోకమునకును శాస్త్రమునకును పొగ నిప్పునకు గుర్తు; అంతకు మించి దానితో పని లేదు. మంటల నార్పుట వృత్తిగా గలవారికి మాత్రము ఈ తర్కము చాలదు. నిప్పు కలదని తెలిసియే వారు బండి యెక్కి వచ్చిరి. ఆ నిప్పు ఇంటిలో ఏ మూల నున్నది, ఎంత బలసినది, తలుపు తెరచిన మరునిమిషమున ఏమి చేయనున్నది అను సంగతులు వారికి గుమ్మము దాటకముందే తెలియవలెను. గోడల చాటున నున్న అగ్ని సంగతి తెలుపగలది పొగ యొక్కటియే. అందుచేత వారు పొగను చదువుట నేర్చుకొందురు. ఆ చదువు చాలనందువలన ప్రాణములు పోయిన సందర్భములు కలవు.

పొగ యనగా నేమి? కాలిపోయిన వస్తువు విడిచిన వ్యర్థమని పలువురు తలంతురు. అది సగము మాత్రమే నిజము. పచ్చి కట్టెలు పెట్టిన పొయ్యిని తలచుకొన్నచో మిగిలిన సగము బోధపడును. పొయ్యి రాజక వంటయింటినిండ పొగ చిమ్ముచుండును. ఇల్లాలు ఊదుగొట్టముతో రెండు మూడుసార్లు ఊదగానే కట్టెలపై క్రమ్ముకొనియున్న పొగ భగ్గున మంటయై లేచును. ముఖము వెనుకకు తీసికొనుట ఆలస్యమైనచో కనుబొమలు కమురును. అప్పుడు మొదట మండినది కట్టె కాదు, పొగయే. కట్టె నుండి వెలువడిన మండెడి వాయువులు గాలి చాలక మండకుండ నిలిచియుండెను. ఊదిన గాలి వానికి ఆ కొరత తీర్చెను.

ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే 1860-61 క్రిస్మస్ సెలవులలో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు బాలబాలికలకు క్రొవ్వొత్తిని గూర్చి ఆరు ఉపన్యాసము లిచ్చెను. అప్పుడే ఆర్పిన వత్తినుండి లేచు పొగచారకు, వత్తిని తాకకుండ కొంచెము ఎడముగా, వెలుగుచున్న పుల్లను చూపినచో మంట ఆ పొగ వెంబడి దిగివచ్చి వత్తిని మరల వెలిగించునని ఆయన వారికి కన్నులార చూపెను. ఇల్లు కాలునప్పుడు జరుగు ఘోరమంతయు ఈ చిన్న వేడుకలోనే యిమిడియున్నది.

నేటి ఇండ్లలో పరుపులు, సోఫాలు, తెరలు, కుర్చీలు చాలవరకు రాతినూనె నుండి చేసిన వస్తువులు. వేడి తగిలినప్పుడు వాని నుండి వెలువడు పొగలో కర్బనపు మసియు, కార్బన్ మొనాక్సైడును, ఇంకను అనేక వాయువులును చేరియుండును. అందులో విషము కలదు. అంతేకాక అది మండుటకు సిద్ధముగానున్న ఇంధనము కూడ. మంటకు ఇంధనము, వేడిమి, ప్రాణవాయువు అను మూడును కావలెను. మూసియున్న గదిలో మొదటి రెండును పుష్కలముగా నుండగా మూడవది త్వరగా తరిగిపోవును. బయటి గాలిలో నూటికి 21 పాళ్ళుండెడి ప్రాణవాయువు ఆ గదిలో క్రమముగా తగ్గును. మంట చిన్నదగును. ఒక్కొక్కప్పుడు కంటికి కనబడక పోవును. అయినను గోడలలోను పైకప్పుక్రిందను వేడిమి నిలిచియే యుండును. పొగ మాత్రము నిండుచుండును. తెలియనివాడు అది చల్లారుచున్న నిప్పు అని భ్రమపడును.

డబ్ల్యు. ఎం. థార్న్‌టన్ అను శాస్త్రజ్ఞుడు 1917లో ఒక విశేషమును వెల్లడించెను. కట్టె కానిండు, నూనె కానిండు, సాధారణముగా మండు వస్తువేదైనను, ఒక కిలోగ్రాము ప్రాణవాయువును ఖర్చుచేసినప్పుడు పుట్టెడి వేడిమి ఇంచుమించు ఒక్కటియే. అది సుమారు 13 మెగాజౌళ్ళు. కావున గదిలో ఎంత సామాను కలదన్న దానికన్న, ఆ గదిలోనికి ఎంత గాలి పోవుచున్నదన్నదే మంట బలమును నిర్ణయించును. కిటికీ పగులగొట్టినవాడు పొగను బయటికి పంపుచున్నాననుకొనును. అతడు నిజముగా చేయుచున్నది నిప్పునకు ఆహారము పెట్టుట.

1994 మార్చి 28వ తేదీ సాయంకాలము న్యూయార్కు నగరములోని వాట్స్ వీధిలో జరిగిన ప్రమాదము ఈ విషయమున గొప్ప పాఠమైనది. అది మూడంతస్తుల ఇల్లు. అందొక వాటాలోని వారు ప్లాస్టిక్ చెత్తసంచిని గ్యాసు పొయ్యిమీద ఉంచి బయటికి పోయిరి. పొయ్యిలో నిత్యము వెలుగు చిన్న దీపశిఖవలన సంచి అంటుకొన్నదని పిమ్మట విచారించినవారు భావించిరి. శీతకాలపు చలిగాలి చొరకుండ ఆ వాటాను సందులేని విధముగ బిగించియుండిరి. నిప్పు సుమారు గంటసేపు గాలికి మొగము వాచి లోలోపలనే మ్రగ్గెను. బయటివారికి పొగగొట్టమునుండి పొగయు నిప్పురవ్వలును మాత్రమే కనిపించెను.

అగ్నిమాపక దళము వచ్చి తనకు నేర్పిన పద్ధతిలోనే పని ప్రారంభించెను. మెట్లదారిలోని పొగ పోవుటకు దానిపై కప్పుననున్న తలుపును తీయ నిశ్చయించిరి. ఒక జట్టు నీటి గొట్టముతో క్రింది వాటా తలుపునొద్ద నిలిచెను. మరియొక జట్టువారు ముగ్గురు, పై అంతస్తులలో ఎవరైన చిక్కుకొన్నారేమో చూచుటకు మెట్లెక్కిరి. క్రింది తలుపును బలవంతముగా తెరచిరి. లోపలినుండి వెచ్చని గాలి యొకసారి బయటికి వీచెను. వెంటనే బయటిగాలి లోపలికి దూసికొనిపోయెను. మరుక్షణమున తలుపు పైభాగమునుండి పెద్ద మంట వెడలి మెట్లదారిని పట్టుకొని పైకి లేచెను. తలుపునొద్దనున్నవారు నేలకు వంగి తప్పించుకొనిరి. పైనున్న ముగ్గురికి తప్పించుకొనుటకు దారి లేకపోయెను. ఆ మెట్లదారియే మంటకు పొగగొట్టమైనది. ఆ జ్వాల ఆరు నిమిషములకు పైగా ఆగలేదు. ఆ ముగ్గురును ఆ కాలిన గాయములవలననే, ఒకరి వెనుక నొకరు, మరణించిరి.

ఒక చిన్న వాటాలో అంతసేపు మండుటకు ఇంధన మెక్కడిది అను ప్రశ్న పుట్టెను. అమెరికా ప్రభుత్వ ప్రమాణముల సంస్థలోని పరిశోధకులు గణకయంత్రముమీద ఆ అగ్నిని మరల నిర్మించి చూచి సమాధానము కనుగొనిరి. గంటసేపు మండక పేరుకొన్న పొగయే ఆ ఇంధనము. గాలి లేక క్రుంగిన నిప్పునకు ఒక్కసారిగా గాలి తగులుటచే పుట్టు ఇట్టి విస్ఫోటమును ‘బాక్‌డ్రాఫ్ట్’ అందురు.

ఆనాటివారిని తెలివితక్కువవారనుట న్యాయము కాదు. గాలికి దారి తీయుట పూర్వమునుండి వచ్చిన విద్య. సరియైన చోట, సరియైన వేళ తీసినచో వేడియు పొగయు పైకి లేచిపోయి, నేలకు దగ్గరగా చూపు ఆనును. లోపల స్పృహ తప్పి పడియున్నవానికి ఊపిరి దొరకును. మూయుటయు పూర్వమునుండి ఎరిగిన విద్యయే. 1824లో ఎడింబరో నగర అగ్నిమాపక దళమునకు నాయకుడై, 1833 నుండి లండను దళమును నడపి, 1861లో టూలీ వీధి అగ్నిప్రమాదమున గోడ కూలి మరణించిన జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ తన రచనలలో నిప్పున్న ఇంటి తలుపులను కిటికీలను మూసియుంచవలెనని గట్టిగా హెచ్చరించెను. అంత పాతమాట నడుమ ఎట్లు మరుగుపడినదో ఆశ్చర్యము!

మారినది ఇండ్లలోని సామాను. అమెరికాలోని అండర్‌రైటర్స్ లాబొరేటరీస్ అను పరీక్షా సంస్థ పాతకాలపు సామానుతో కొన్ని గదులను, నేటి సామానుతో కొన్ని గదులను అమర్చి, జతలు జతలుగా తగులబెట్టి చూచి, ఫలితములను 2012లో ప్రకటించెను. పైకప్పు క్రింది వేడిమి సుమారు 600 డిగ్రీల సెంటీగ్రేడునకు చేరి, గదిలోని సమస్త వస్తువులును ఒకేసారి అంటుకొనుటను ‘ఫ్లాష్‌ఓవర్’ అందురు. నేటి సామాను గల గదులు 5 నిమిషములలోపుననే ఆ స్థితికి వచ్చెను. పాత సామాను గల గదులలో ఏదియు 29 నిమిషములకు ముందు ఆ స్థితికి రాలేదు. తాతలనాడు దళము వచ్చుసరికి నిప్పు ఇంకను ఎదుగుచుండెడిది. నేడు వచ్చుసరికి అది గదిలోని గాలినంతయు మ్రింగి, తలుపు ఎవరు తీయుదురా యని కాచుకొనియుండును.

ఇక పొగను చదువు విధము. పరిమాణము, వేగము, చిక్కదనము, రంగు అను నాలుగింటిని చూడవలెనని ఈ విద్యను బోధించువారు చెప్పుదురు. పరిమాణము ఒక్కటియే అంతగా నమ్మదగినది కాదు. చిన్న గదినుండి వచ్చు మేఘమంత పొగ స్వల్ప విషయము కావచ్చును. పెద్ద గిడ్డంగి తలుపు సందులనుండి వచ్చు సన్నని చార, లోపల కొండంత పొగ నిండెనని తెలుపవచ్చును.

వేగము అన్నింటికన్న ముఖ్యమైనది. నూనెధారవలె నునుపుగా సాగు పొగ, గదిలోని గోడలును వస్తువులును ఇంకను వేడిని పీల్చుకొనుచున్నవని చెప్పును. కుతకుతలాడుచు, సుడులు తిరుగుచు, త్రోపిడిగా వచ్చు పొగ వేరు మాట చెప్పును. ఆ గది ఇక వేడిని పట్టలేదు. ఫ్లాష్‌ఓవర్ దరిదాపుల నున్నది. ఒకే పరిమాణము గల రెండు సందులను పోల్చి చూచి, దేనినుండి పొగ ఎక్కువ వేగముతో, ఎక్కువ చిక్కగా వచ్చుచున్నదో దాని చెంతనే నిప్పున్నదని గ్రహింపవచ్చును. చిక్కదనము ఇంధనపు కొలత. చిక్కని పొగలో నిలుచున్నవాడు ఇంధనములో నిలుచున్నాడనియే చెప్పవలెను.

రంగు మోసగత్తె. వస్తువులు అప్పుడే వేడెక్కుచుండగా తేమ ఆవిరియై తెల్లని పొగ వచ్చును. అందుచేత తెల్లని పొగ భయము లేనిదని తలంచుట కలదు. కాని నల్లని పొగ కూడ చాల దూరము పయనించి, చల్లబడి, మసిని దారిలోని గోడలకు విడిచి తెల్లబడి బయటికి రావచ్చును. తెల్లనిదై యుండియు వేగముగా వచ్చుచున్నచో నిప్పు లోలోపల దూరముగా, బలముగా నున్నదని అర్థము. కట్టెతో కట్టిన ఇంటి కప్పు సందులనుండి గోధుమరంగు పొగ వచ్చినచో ఇంటి దూలములే కాలుచున్నవేమోయని శంకింపవలెను. అట్టి కప్పుమీద నడచుట ప్రాణాపాయము.

అన్నింటికన్న భయంకరమైన గుర్తు వేరొకటి కలదు. మంట ఎచ్చటను కనబడదు. కిటికీ అద్దములు లోపలివైపున జిడ్డు మసితో నల్లబడి, చేయి పెట్టలేనంత వేడిగా నుండును. తలుపు సందులనుండి పొగ కొంచెము బయటికి వచ్చును, మరల లోపలికి పీల్చుకొనబడును. ఇల్లు ఊపిరి తీయుచున్నట్లుండును. అట్టి తలుపును తెరచుట వాట్స్ వీధి తలుపును తెరచుటయే.

తప్పు ఒక్కరిది కాకపోయినను, ఇద్దరు ఒకరి సంగతి ఒకరెరుగక చేసిన పనివలన కూడ కీడు కలుగును. 1999 మే 30వ తేదీన వాషింగ్టన్ నగరములోని చెర్రీ రోడ్డునందు ఒక ఇంటి నేలమాళిగలో నిప్పు పుట్టెను. కొందరు ముందువైపునుండి పై అంతస్తులో ప్రవేశించి వెదకుచుండగా, వెనుకవైపు నున్నవారు నేలమాళిగ అద్దపు తలుపును తెరచిరి. క్రిందినుండి గాలి చొచ్చెను. వేడి వాయువులు మెట్లమీదుగా లేచి పైనున్నవారిని క్రమ్మెను. ఇద్దరు మరణించిరి. గాలి చొచ్చు చోటునకును పొగ వెడలు చోటునకును నడుమ ఎవరును నిలువరాదను నియమము ఇట్టి మరణములవలన స్థిరపడినది.

2012 జూలైలో న్యూయార్కు అగ్నిమాపక దళమును పైన చెప్పిన రెండు సంస్థలును కలిసి ఆ నగరపు రేవులోని గవర్నర్స్ దీవిలో, కూల్చివేయుటకు నిశ్చయించిన సుమారు 20 ఇండ్లను పరీక్షార్థము తగులబెట్టి చూచిరి. నీరు చల్లక ముందు తలుపుగాని కిటికీగాని కప్పుగాని తీసినప్పుడు నిప్పు బలసెను. తలుపును ఓరగా మూసియుంచి, బయటినుండియైనను ముందుగా నీరు చల్లినప్పుడు ఇల్లంతయు చల్లబడెను. బయటినుండి చల్లిన నీరు మంటను లోపలివారిమీదికి త్రోయునను పాత భయము సరికాదని కూడ అందు తేలెను. అండర్‌రైటర్స్ సంస్థవారు అంతకుముందు, 2010లో, వెల్లడించిన ప్రయోగములలో మరియొక సంగతి తెలిసినది. గాలికి దారి తీసిన పిమ్మట ఫ్లాష్‌ఓవర్ వచ్చుటకు ఒక అంతస్తు ఇంటిలో సుమారు 100 సెకండ్లు, రెండంతస్తుల ఇంటిలో సుమారు 200 సెకండ్లు మాత్రమే పట్టెను. అదే ఇండ్లలో తలుపు మూసియున్న పడకగదులలో మనుష్యులు బ్రతికియుండదగిన గాలి మిగిలియుండెను.

దీనినిబట్టి నేటి దళములలో పలుచోట్ల పని వరుస మారినది. వచ్చినవారు మొదట ఇంటిచుట్టు తిరిగి నాలుగు వైపులను చూచి పొగను పోల్చుకొందురు. గొట్టములోనికి నీరు వచ్చువరకు తలుపు తీయరు. తీసినప్పుడు ఒకడు తలుపునొద్దనే నిలిచి, గొట్టము దూరునంతమేరయే రెక్కను తెరచి పట్టుకొనును. కిటికీ పగులగొట్టవలసినవాడు లోపలనున్న నాయకుని ఆజ్ఞకై వేచియుండును. దళము రాకముందు ఇంటినుండి పారిపోవువారు ఒక్క చేతిపనితో ఈ మేలులో భాగము పొందవచ్చును: బయటికి వచ్చుచు వెనుకనున్న తలుపును లాగి మూయుట.