ఆరోదాన్ని భాగించి చూడు

విజయనగరం

చిరంజీవి చిన్నాకి,

దగ్గు తగ్గిందా? చన్నీళ్ల స్నానం మానమంటే వినవు కదా.

మీ పిన్ని ఫోన్లో ఒక మాట చెప్పింది. ఐదు వేలు కట్టి ఏదో యాప్‌లో చేరావట. నువ్వు ఇద్దరిని, వాళ్లు చెరో ఇద్దరిని చేరిస్తే డబ్బు వస్తూనే ఉంటుందట. నీ గదిలో అబ్బాయికి వరసగా ఐదు నెలలు వచ్చిందట కూడా. తిట్టడానికి కాదురా రాస్తున్నది.

నువ్వొకడివి, తర్వాత ఇద్దరు, నలుగురు, ఎనమండుగురు. ఇరవై రెండో వరసకి మొత్తం 41,94,303 మంది. ఇరవై మూడుకి 83,88,607. 2011 జనాభా లెక్కల్లో మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు రెండూ కలిపితే సుమారు 50 లక్షలు. టెక్కలిలో ఉయ్యాల్లో ఉన్న చంటిగుంటడిని చేర్చినా ఆ వరస నిండదు. ఎక్కడ ఆగినా, ఆఖరి వరసలో వాళ్లు పైనున్న అందరికంటే ఒకరు ఎక్కువే. వాళ్లకి పైసా రాదు. 1978 చట్టం ఇలాంటి పథకాల్ని నిషేధించింది, మనుషుల్ని చేర్చడమూ తప్పే.

ఈ రెట్టింపు నన్ను చిన్నప్పుడే పట్టుకుంది. బొబ్బిలిలో మా నాన్న అరుగు మీద సుద్దతో చదరంగం గళ్లు గీసి, మొదటి గడిలో ఒక చింతపిక్క, తర్వాత రెండు, నాలుగు పెట్టమన్నాడు. రెండో వరస సగంలోనే సంచీ ఖాళీ. అరుగు నిండా పిక్కలు చూసి మా అమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టింది. అప్పుడే నాన్న పావులూరి మల్లన పద్యం అప్పజెప్పాడు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని సుమారు 900 ఏళ్ల కిందట తెలుగు చేసిన కవి ఆయన. 64 గళ్ల మొత్తాన్ని ఒకట్ల స్థానం నుంచి పద్యంలో కూర్చాడు: 1,84,46,74,40,73,70,95,51,615.

ఈ సంఖ్యంటే నాకు పిచ్చి. 64 రెళ్లని హెచ్చవేసి ఒకటి తీసేస్తే వచ్చేది. రెండు తాలూకు ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని తిరుగుతాయి. 64 నాలుగుతో పోతుంది కాబట్టి 6, ఒకటి తీస్తే 5. అంకెలన్నీ కూడితే 87, అందుకే 3తో పోతుంది, 9తో పోదు. నీకు ఎనిమిదిలో నేర్పిన వర్గాల భేదం సూత్రం మళ్లీమళ్లీ వాడితే ఆరు ముక్కలవుతుంది: 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆ వరసలో రాబోయేవన్నీ అంతేనని ఫెర్మా అంతటి గణితజ్ఞుడు నమ్మాడు. 1732లో ఆయిలర్ ఆరోదాన్ని 641తో భాగించాడు. 67,00,417 వచ్చింది, శేషం సున్నా.

మీ గదిలో అబ్బాయికీ ఐదు నెలలు వచ్చిందట కదా. అర్థమైందా కన్నా?

నీ ఐదు వేలు పోతే పోనీ, దిగులు పడి అన్నం మానకు. ఎవరినైనా చేర్చి ఉంటే మాత్రం ఇవాళే వాళ్లకి నిజం చెప్పు. వాళ్ల డబ్బు నా పింఛనులోంచి పంపుతాను, తిరిగిచ్చెయ్. నాకు మాత్రం ఆ 641 భాగహారం కాగితం మీద చేసి పంపాలి. ఫోన్లో నొక్కి జవాబొక్కటే రాస్తే మార్కులు వెయ్యను.

మీ అమ్మమ్మ