నీలి ఆల్చిప్ప కాపురము

ఆల్చిప్ప మన సభ్యులకు క్రొత్త వస్తువు కాదు. చెరువు బురదలోను, కాలువ యొడ్డునను దొరకు చిప్పను తెచ్చి, ఱాతిమీద నరగదీసి నడుమ రంధ్రము చేసి, దానితో మామిడికాయ చెక్కు తీయుట మన యిండ్లలో పిల్లలకు సహితము తెలిసిన పని. ఆ చిప్పకు సముద్రమునందు దాయాదులు పెక్కు కలవు. వానిలో నొకటి ఉత్తర అట్లాంటిక్ సముద్రపు చల్లని ఱాతితీరములందు కాపురముండు నీలి ఆల్చిప్ప. బ్రిటిషు దీవులు, నార్వే, ఐస్లాండు తీరములందును, ఆవలి యొడ్డున కెనడా, అమెరికా తూర్పుతీరములందును ఇది విస్తారముగా నున్నది. వ్యవసాయదారుల పత్రికలో సముద్రపు చిప్ప ప్రసంగమేల యని కొంద రడుగవచ్చును. నారు ఒత్తుగా పోయవలయునా, పలుచగా పోయవలయునా యను తగవు మన గ్రామములలో నేటికిని తెగలేదు. ఈ ప్రాణి బ్రదుకంతయు నా తగవే. అందుచేత దీని కథ రైతునకు తెలియదగినదని తలంచి యీ నెల వ్రాయుచున్నాము.

నీలి ఆల్చిప్ప సాధారణముగా రెండు మొదలు నాలుగంగుళముల పొడవుండును. పైన నలుపు కలిసిన నీలిరంగు, లోపల ముత్యపు తళుకు. రెండు చిప్పలును పెట్టెకు మూతవలె నొకవైపున బందుతో కూడియుండును. దినమునకు రెండు మారులు పోటు వచ్చి దీనిని ముంచును; రెండు మారులు ఆటు వచ్చి గాలికిని ఎండకును విడిచిపెట్టును. ఆటువేళ చిప్పలు బిగించుకొని, లోపల కొంచెము నీటిని దాచుకొని ఊరకుండును. పోటు రాగానే చిప్పలు తెఱచి, మొప్పలమీది సన్నని రోమముల కదలికచే నీటిని లోనికి లాగి, అందలి సూక్ష్మమైన నాచుకణములను వడగట్టుకొని తినును. ఒక మోస్తరు చిప్ప గంటకు రెండు మూడు లీటర్ల నీటిని వడగట్టగలదు. తినదగని మట్టిని జిగురుతో నుండచుట్టి వెలుపలికి త్రోసివేయును. తాను మేతకు పోదు. మేతయే తనయొద్దకు వచ్చును. కావున దానికి ముఖ్యముగా కావలసినది కెరటము కొట్టినను ఊడిరాని పట్టు.

ఆ పట్టు ఎట్లు కలుగునో చూతము. చిప్పలోనుండి నాలుకవంటి పాదమొకటి వెలుపలికి వచ్చి ఱాతిని తడవి చూచును. తగినచోటు దొరకినప్పుడు దాని కొనను ఱాతిపై నొక్కి యుంచును. ఆ పాదము క్రిందివైపున పొడుగున నొక గాడి కలదు. గ్రంథులనుండి యూరిన ద్రవము ఆ గాడిలోనికి దిగి, అచ్చులో పోసిన లోహమువలె, కొన్ని నిమిషములలో గట్టిపడి పోగగును. పాదము పైకి లేచునప్పటికి ఒక కొన చిప్పలోను, రెండవ కొన చిన్న బిళ్లగా ఱాతిపైనను అంటిన పోగు సిద్ధముగా నుండును. ఇట్టివి పదులకొలది వేసికొని, గుడారమును త్రాళ్లతో బిగించినట్లు తన్ను తాను బిగించుకొనును. మేమొకప్పుడు విశాఖపట్టణపు ఱాళ్లపై, ఆటువేళ, దీని జ్ఞాతియైన పచ్చ ఆల్చిప్ప నొకదానిని చేతితో ఊడదీయ జూచితిమి. మా గోరు విరిగినది గాని చిప్ప కదలలేదు. ప్రక్కనున్న బెస్తపిల్లవాడు నవ్వి, ఒక యినుపముక్కతో క్షణములో తీసియిచ్చెను.

మన యిండ్లలో వాడు బంకలు తడిచోట పనికిరావు. నీరు నడుమ దూరి పట్టు విడిపించును. ఈ ప్రాణి బంక నీటిలోనే అంటుకొనును. అందు డోపా యను పదార్థము గల మాంసకృత్తు ఉన్నదని 1981లో అమెరికా శాస్త్రజ్ఞుడు హెర్బర్టు వెయిట్ తన సహచరునితో కూడి ప్రకటించెను. తరువాత ఆరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున కైచాంగ్ లీ అనువారు కెరటముల తాకిడికి చలింపని చిప్పలను చూచి, సోయాపిండిలోని మాంసకృత్తును ఆ రీతిగా మార్చి, ప్లైవుడ్ పలకలను అంటించు జిగురు చేసిరి. అంతకుముందు వాడుచుండిన జిగురులోని ఫార్మాల్డిహైడు ఆరోగ్యమునకు హానికరము. సోయాచిక్కుడు పండించు రైతునకు సముద్రపు చిప్ప యొక క్రొత్త కొనుగోలుదారుని చూపినదన్నమాట.

ఇక సంతతి. ఇందు ఆడుది, మగది వేఱువేఱుగా నుండును. ఋతువు వచ్చినప్పుడు రెండును తమ బీజములను నీటిలోనికే విడుచును. పెద్ద ఆడుచిప్ప డెబ్బది ఎనుబది లక్షల గ్రుడ్లను విడువగలదు. పుట్టిన పిల్ల కంటికానని యణువై మూడు నాలుగు వారములు, చల్లని నీట నంతకంటె నెక్కువకాలము, నీటితో కొట్టుకొనిపోవును. ఇచ్చట నొక వింత గలదు. అది తిన్నగా పెద్దచిప్పల నడుమ దిగెనేని, పెద్దవి నీటితోపాటు దానినికూడ లోనికి లాగివేయును. తన పిల్లయని వానికి తెలియదు. కావున పెక్కుపిల్లలు మొదట దూరముగా, నూలుపోగులవంటి నాచుతీగల నంటుకొని అచట కొంత పెరుగును. ఆవగింజంత యైన పిమ్మట ఆ చోటు విడిచి, సన్నని జిగురుపోగును నీటిలో తెరచాపవలె సాచి, ప్రవాహముమీద తేలిపోయి, అప్పుడు పెద్దచిప్పల గుంపులో దిగి స్థిరపడును. మొదటిది నారుమడి, రెండవది నాట్లు. కొన్ని పిల్లలు మాత్రము నారుమడి లేకయే, వెదవిత్తనమువలె, మొదటనే గుంపులో దిగుటయు గలదు.

గుంపులో నుండుటవలన లాభము గొప్పది. ఒంటరి చిప్పను కెరటము నలువైపుల కొట్టును. గుంపులోనిది ప్రక్కదాని చాటున నుండును. ఎండవేళ చిప్పల నడుమ తేమ నిలిచి చల్లగా నుండును. ఆ సందులలో పీతపిల్లలు, పురుగులు, నత్తలు మొదలగు నెన్నియో చిల్లరప్రాణులుకూడ తలదాచుకొనును. కాని పిల్లలు మీదమీద దిగుకొలది క్రొత్తవానికి ఱాయి దొరకదు. అవి ప్రక్కచిప్పకే పోగు వేయును. దానిపై మఱియొకటి వేయును. అడుగున మట్టి పేరుకొని క్రిందిచిప్పలు ఊపిరాడక చచ్చును. చూచువారికి గుంపు బలిసి దిట్టముగా కనబడును. నిజమునకు ఱాతిని పట్టుకొన్నవి అడుగున కొన్ని మాత్రమే. శీతకాలపు తుపానులో పెద్ద కెరటము వచ్చినప్పుడు చాప లేపినట్లు గుంపంతయు లేచిపోవును. పట్టున్నవికూడ పట్టులేనివానితోనే పోవును, బోడిఱాయి మిగులును. సభ్యు లొకరికొకరు జామీను నిలిచి, వాటాధనము మాత్రము చెల్లింపక పెరిగిన సంఘములను మేము కొన్నింటిని చూచియున్నాము. పేర్లు చెప్పనవసరము లేదు. విత్తనము రెట్టింపు చల్లి, మడి పచ్చగా నున్నదని మురిసి, నారు తీయునాడు వేరులేని పీలమొక్కలు చేతికి రాగా వగచిన రైతునుగూడ ఎఱుగుదుము.

ఈ గుంపులు ఱాతిపై నంతటను ఉండవు. నడుమ నొక పట్టీగా నుండును. పై హద్దు ఎండ గీసినది. అచ్చట నీరు నిలుచు కాలము తక్కువ, మేత తక్కువ. అన్నియు అనుకూలించినచోట రెండేండ్లకే రెండున్నర అంగుళములు పెరుగు చిప్ప, పైయంచున పదునైదు ఇరువదియేండ్లకును అంగుళమునకు మించకపోవచ్చును. అట్లయిన అన్నియు క్రిందికే ఏల పోవు? క్రింద శత్రువులున్నారు. సముద్రనక్షత్రము తన చేతులతో రెండు చిప్పలను పట్టి లాగి, కొంచెము సందు దొరకగానే తన జీర్ణకోశమునే అందులోనికి దూర్చి, చిప్పలోని మాంసమును అచ్చటనే జీర్ణించుకొనును. ఒక జాతి నత్త చిప్పకు బెజ్జము తొలిచి తినును. పీతలు, ఈడరు బాతులు సరేసరి. నత్త విషయమున చిప్పలు ఊరకుండవు. గుంపులోనికి వచ్చిన నత్తకు చుట్టునున్న చిప్పలు పోగులు వేసి కట్టివైచును. అది కదలలేక ఆకలిచే చచ్చుటయు గలదు.

శత్రువు లేకున్న మేలేకదా యని తోచును. అమెరికా పసిఫిక్ తీరమున, వాషింగ్టన్ రాష్ట్రములో, రాబర్టు పెయిన్ అను శాస్త్రజ్ఞుడు ఒక ఱాతిభాగమునుండి సముద్రనక్షత్రములను ఏరి పాఱవేయుచు వచ్చెను. అచ్చటిది నీలి ఆల్చిప్పకు దాయాదియైన కాలిఫోర్నియా ఆల్చిప్ప. అది క్రిందికి ప్రాకి చోటంతయు ఆక్రమించుకొనెను. మొదట పదునైదు జాతుల ప్రాణులున్నచోట ఎనిమిదియే మిగిలెనని ఆయన 1966లో ప్రకటించెను.

పై హద్దు నేడు కదలుచున్నది. ఆటువేళ ఎండలోని ఱాయి గాలికంటె మిక్కిలి వేడెక్కును. చిప్ప లేచి నీడకు పోజాలదు. అమెరికా తూర్పుతీరమున 1960 ప్రాంతమున ఈ చిప్ప దక్షిణమున హాటరాస్ అగ్రమువఱకు నుండెను. 2010లో ప్రకటితమైన పరిశోధన ప్రకారము ఆ హద్దు సుమారు 350 కిలోమీటర్లు ఉత్తరమునకు, డెలవేర్ రాష్ట్రమువఱకు, జరిగినది. ఇంకను చల్లనిదైన మెయిన్ తీరపు ఱాళ్లపైకూడ నలుబదియేండ్లలో ఇవి సగమునకు మించి తగ్గినవని 2017లో తెలియవచ్చినది.

మనుష్యులు దీనిని సాగుచేయుట పాతదే. ఫ్రాన్సు పడమటితీరమున బురదలో గుంజలు పాతి, వానిపై చిప్పలను పెంచుదురు. సాగుచేసినదైనను జాగ్రత్త వలయును. కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డు ద్వీపపు చిప్పలను తిని 1987లో నూరుమందికి పైగా జబ్బుపడిరి, కొందఱు మరణించిరి, కొందఱికి జ్ఞాపకశక్తి పోయెను. చిప్పలు ఆరోగ్యముగానే యుండెను. అవి వడగట్టి తిన్న నాచుకణములలో విషముండెను.

నీలి ఆల్చిప్ప మన వెచ్చని సముద్రమున లేదు. ఇచ్చటిది పైని చెప్పిన పచ్చ ఆల్చిప్ప. కేరళదేశపు కాసరగోడు జిల్లాలో 1990 తరువాతి యేండ్లలో స్త్రీలు స్వయంసహాయక సంఘములుగా చేరి, ఉప్పుటేరులలో వెదురు పందిళ్లు వేసి, త్రాళ్లు వ్రేలాడదీసి దీనిని పెంచసాగిరి. త్రాటిచుట్టు పిల్లచిప్పలను పేర్చి పలుచని నూలుగుడ్డతో చుట్టి కుట్టుదురు. కొన్ని దినములలో గుడ్డ నీట నాని చివికిపోవును; అప్పటికి పిల్లలు త్రాటికి పోగులు వేసికొనియుండును. మరీ యొత్తుగా కట్టినచో పెరిగిన పిదప బరువుకు జారి ఏటిలో పడును. నవంబరు, డిసెంబరు నెలలలో కట్టిన త్రాటిని మే నెల దాటకుండ, వానకాలపు మంచినీరు దిగి ఏటి యుప్పు విరుగకమునుపే, పైకి తీయవలయును.